ముప్పును లెక్కించే విద్య

వాతావరణం, శీతోష్ణస్థితి అనే మాటలను మనం తరచుగా ఒకే అర్థంలో వాడుతుంటాం. నిజానికి వీటి మధ్య భేదం ఉంది. నేడు విశాఖపట్నంలో వాన కురియడం వాతావరణం. అక్కడ ఏ నెలలో ఎంత వాన కురుస్తుందో దాదాపు ముప్పై ఏళ్ల లెక్కలతో తేల్చిన స్వరూపం శీతోష్ణస్థితి. రేపు వేటకు వెళ్లవచ్చునా అని మత్స్యకారుడు అడిగితే మొదటిది చెప్పాలి. వంతెనను ఎంత ఎత్తున కట్టాలి అని ఇంజనీరు అడిగితే రెండవది చెప్పాలి.

ఈ రెండింటినీ అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు నమూనాలను రూపొందిస్తారు. గాలి, వేడిమి, తేమల నడకను నిర్ణయించే భౌతిక నియమాలను సమీకరణాలుగా మార్చి కంప్యూటరుతో చేయించే గణనమే నమూనా. ఇందుకోసం భూగోళాన్ని చదరంగపు బల్ల వలె గడులుగా విభజిస్తారు. ప్రపంచమంతటి శీతోష్ణస్థితిని గణించే నమూనాలలో ఒక్కొక్క గడి వెడల్పు సాధారణంగా నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత పెద్ద గడిలో విశాఖ రేవు, సబ్బవరం పొలాలు, అరకు కొండలు ఒక్కటిగా కలిసిపోవచ్చు. సముద్రపు తేమగాలి తూర్పు కనుమలను తాకి పైకెగసి, చల్లబడి వర్షించే తీరు అందులో సరిగా కనిపించదు.

ఈ కొరతను తీర్చేది ప్రాంతీయ నమూనా. ఇది ఒక ప్రాంతాన్ని మాత్రమే తీసుకొని, గడులను యాభై, ఇరవై అయిదు, అంతకంటె తక్కువ కిలోమీటర్లకు కుదిస్తుంది. సరిహద్దుల వద్ద గాలి, తేమల వివరాలను ప్రపంచ నమూనా నుంచి గ్రహిస్తుంది. కనుక పెద్ద నమూనాలోని దోషం చిన్నదానికీ సంక్రమిస్తుంది.

ముప్పు గాలి వేగంపైనే ఆధారపడదు. విపత్తు బలం, దాని దారిలో ఉన్న జనం, వారి తట్టుకొనే శక్తి - ఈ మూడూ కలిస్తేనే ముప్పు. తీరానికి దూరంగా ఉన్న సబ్బవరానికి ఉప్పెన భయం లేదు. పెనుగాలి, కుండపోత భయాలు ఉన్నాయి. రేవుకు మూడూ ఉన్నాయి. ఒకే హెచ్చరిక రెండు చోట్లకూ చాలదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు దాదాపు పదివేలమంది బలయ్యారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలులతో విశాఖ వద్ద తీరం దాటింది. అది వచ్చే చోటును వాతావరణశాఖ ముందుగానే సూచించింది. ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో లక్షలాదిమందిని సురక్షిత స్థలాలకు తరలించారు. మృతుల సంఖ్య పదులలో నిలిచింది. రెండు తుఫానులూ ఒక్క తీరువి కావు; అయినా ముందుచూపు విలువ ఇక్కడ స్పష్టం.

అయితే ఆనాడు ప్రాణాలు దక్కినా విమానాశ్రయం దెబ్బతిన్నది, విద్యుత్ స్తంభాలు నేలకూలాయి, నగరం రోజుల తరబడి చీకటిలో మగ్గింది. నాలుగు రోజుల ముందు వచ్చే సూచన మనుషులను తరలించగలదు గాని, కట్టడాలను బలపరచలేదు. ఆ పనికి దశాబ్దాల ముందుచూపు కావాలి. భూమి వేడెక్కే కొద్దీ తుఫానులలో అతి తీవ్రమైన వాటి పాలు పెరుగుతుందని 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం ఐపీసీసీ తెలిపింది. నమూనా చెప్పేది జోస్యం కాదు, సంభావ్యత. దానిని గోడగా, స్తంభంగా, ఆశ్రయ భవనంగా మలచవలసిన బాధ్యత సమాజానిది.

అభ్యాసం

1. వాతావరణానికి, శీతోష్ణస్థితికి గల భేదాన్ని తెలపండి.
2. ప్రాంతీయ నమూనా ఆవశ్యకతను వివరించండి.
3. మీ ఊరికి ఉన్న వాతావరణ ముప్పులను పాఠంలోని మూడు అంశాల ఆధారంగా పరిశీలించండి.