ర్యామ్ లెక్క సరిచూడండి

మా మనవరాలి ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉన్నా లైనక్స్ 3 జీబీయే చూపింది. స్కాలర్‌షిప్ డబ్బుతో కొత్త ర్యామ్ కొనబోతే ఆపాను. బ్యాంకులో తేడా వస్తే ముందు రెండు పుస్తకాలూ సరిచూసేవాళ్ళం, ఇక్కడా అంతే.

టెర్మినల్‌లో ‘సుడో డిఎంఐడీకోడ్’ అమర్చిన ర్యామ్‌ను, ‘ఫ్రీ’ లైనక్స్‌కు అందిన ర్యామ్‌ను చూపుతాయి. మొదటి లెక్కలోనే తగ్గితే, ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్, బ్యాటరీ తీసి, ర్యామ్‌ను మళ్ళీ బిగించాలి. మాకు మొదటి లెక్క సరిపోయింది, రెండవది తగ్గింది. కారణం, పాత రకం 32 బిట్ల లైనక్స్. 32 బిట్లతో 4 జీబీ వరకే చిరునామాలు. అందులోనూ కొన్ని ఇతర పరికరాలకు పోతాయి.

‘ఎల్‌ఎస్‌సీపీయూ’ చూస్తే ప్రాసెసర్ 64 బిట్లదే. ఫైళ్ళు కాపీ చేసుకుని 64 బిట్ల లైనక్స్ వేశాము. ర్యామ్ దాదాపు పూర్తిగా కనిపించింది. డబ్బు పుస్తకాలకు మిగిలింది. తల్లిదండ్రులారా, కొనేముందు లెక్క చూడండి.