గోడకంటే ముందు ముగ్గు

ఇంజినీరు ఇచ్చిన ప్లాన్ చూడ్డానికి ముచ్చటగానే ఉంది. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అంటే దాదాపు 167 గజాల తూర్పు ముఖం స్థలం. చుట్టూ వదలాల్సింది వదిలాక కట్టుబడికి మిగిలింది 23 బై 41. అందులో 12 బై 22 హాలు, ఆగ్నేయంలో 9 బై 8 వంటగది, దాని వెనక డైనింగు, పడమట రెండు పడకగదులు. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగింది: "ఆవకాయ కలిపే రోజు మేం నలుగురం ఎక్కడ కూర్చోవాలిరా?"

ప్లాన్‌లో జవాబు లేదు. అందుకే మళ్లీ మొదటికొచ్చాం. మీరూ చేసుకోవచ్చు, వరస ఇదీ.

1. దినచర్య రాయండి

ఒక వారం పాటు ఇంట్లో ఎవరు ఏ వేళకు ఎక్కడుంటున్నారో నోటుబుక్కులో రాయండి. మా లెక్కలో సోఫాలో బయటివాళ్లు కూర్చున్నది వారానికి రెండుసార్లు. వంటింట్లో మాత్రం రోజుకు ఐదారు గంటలు ఎవరో ఒకరున్నారు. డైనింగ్ టేబుల్ మీద కంచాలకంటే ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలే ఎక్కువసేపున్నాయి. నాన్న పొద్దున పేపరుకీ, సాయంత్రం కాలక్షేపానికీ గేటు కనిపించే చోటే కుర్చీ వేసుకున్నారు. ప్లాన్‌లో పెద్ద గది అతిథులకి, చిన్న గది వంటకి. మా ఇంట్లో జరిగేది సరిగ్గా తలకిందులు.

2. సామాను కొలవండి

డబుల్ కాట్ 6 బై 6½ అడుగులు. ఇనుప బీరువా లోతు తక్కువే, కానీ తలుపు తీసి ముందు నిలబడాలంటే ఇంకో మూడడుగులు కావాలి. వంటగట్టు లోతు రెండడుగులు. ఎత్తు మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు, ఎక్కువసేపు వండే మనిషిని నిలబెట్టి ఖాయం చేసుకోవడం మేలు. ఇంకొకటి: కాగితం మీద 10 అడుగులున్న గది, రెండువైపులా ప్లాస్టరింగ్ అయ్యాక అంగుళం దాకా తగ్గుతుంది. కొలిచినట్టే చేయించిన కబోర్డు ఆ అంగుళం దగ్గరే ఇరుక్కుంటుంది.

3. కదలనివి గుర్తుపెట్టండి

వాస్తు పట్టింపు ఉంటే మొదట్లోనే చెప్పేయండి. బాత్‌రూములు రెండూ వీపులు ఆనించుకున్నట్టుంటే పైపుల ఖర్చు, లీకుల బెడద తగ్గుతాయి. కట్టేసిన ఇంటిని మార్చుకునేవాళ్లకి ఈ మెట్టే ముఖ్యం. పిల్లర్లు, బీములు ముట్టుకోకూడదు. వాటి మధ్య కట్టిన ఇటుక గోడని కూడా ఇంజినీరు చూసి సరేనన్నాకే తీయాలి. అల్యూమినియం అచ్చుల్లో పోసిన కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలే కాంక్రీటు, బరువు మోసేవి అవే. అక్కడ గోడ తీసే ఆలోచనే వద్దు.

4. శుభలేఖల అట్ట కత్తిరించండి

గ్రాఫ్ కాగితం మీద అర సెంటీమీటరుని ఒక అడుగు అనుకుంటే మా ఇల్లు పదకొండున్నర బై ఇరవైన్నర సెంటీమీటర్లలోనే సరిపోయింది. పాత శుభలేఖల అట్టతో సామాను కత్తిరించాం. మంచం 3 బై 3¼ సెంటీమీటర్లు వచ్చింది. ఇక గోడలు గీయడం, సామాను జరపడం, చెరపడం. వంటగదికీ డైనింగుకీ మధ్య గోడ తీసేస్తే నేలమీద నలుగురు కూర్చునే చోటు దొరికింది. హాలు ముందుభాగం కోసి వరండా చేశాం.

5. నడకలు గీయండి

ఎర్ర పెన్ను తీసుకుని గ్యాస్ బండ గేటు నుంచి పొయ్యి దాకా ఎలా వస్తుందో గీయండి. మాది హాల్లో సోఫా చుట్టూ తిరిగి, డైనింగు దాటి వచ్చింది. దక్షిణం సందులోకి వంటింటికి ఒక తలుపు పెడితే గ్యాసు బండ, కూరల సంచి, చెత్తబుట్ట మూడూ అటే మళ్లాయి. తలుపులు గోడ మధ్యలో కాకుండా మూలకి జరపండి. గది నడిమధ్య నుంచి దారి పోతే అందులో సగం నడవాకిందే లెక్క. మూడడుగుల తలుపు తెరుచుకునే మేర ఏ సామానూ నిలవదు, ఆ చోటునీ గీసి ఉంచండి.

6. ముగ్గు పోయండి

కాగితం మీద కుదిరాక స్థలంలో అసలు కొలతలకి ముగ్గు పోయించండి. ఆకాశం కింద ఏ గదైనా అగ్గిపెట్టెలా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అందుకే మేం కుర్చీలు, ఒక పీట వెంట తీసుకెళ్లాం. అమ్మ వంటగది ముగ్గులో పీట వేసుకుని కూర్చుంది. చుట్టూ బేసిన్లున్నట్టు చేతులు చాపి చూసి, "ఫ్రిజ్ అక్కడ పెడితే దాని తలుపు నా నెత్తికి తగుల్తుంది" అంది. ఫ్రిజ్ ఎదురు మూలకి వెళ్లింది.

నాన్న అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, గేటు వైపు తిరిగి కాళ్లు చాపారు. నాలుగడుగుల వరండా, మడమలు ముగ్గు దాటి బయటపడ్డాయి. ఆయన కాళ్లు వెనక్కి లాక్కోబోతే మేస్త్రి ఆగమన్నాడు. వెనక గీతని చెప్పుతో చెరిపి, అడుగున్నర హాల్లోకి జరిపి, గుప్పెడు ముగ్గుతో కొత్తది పోశాడు.

ఇంజినీరు దగ్గరికి తిరిగి వెళ్లిన ప్లాన్‌లో వరండా ఐదున్నర అడుగులు. హాలు 15 అడుగుల 9 అంగుళాలకి దిగింది. ఆయన పిల్లర్లు సరిచూసి, వరండా అంత వెడల్పెందుకని అడిగాడు. నాన్న కాళ్ల పొడవని చెప్పాం.