యోసేపును అమ్మినవారు

యోసేపును అమ్మినవారు పరులు కారు. ఒక్క తండ్రి బిడ్డలైన అన్నలే. వెల 20 తులముల వెండి. ఈ పాఠము చెప్పునపుడెల్ల మాకు ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మీదుగా బెంగుళూరు పోవు రైలుదారి జ్ఞప్తికి వచ్చును. వానలు తప్పిన యేట ఎరిగినవారే యెవరో వచ్చి, ఇంటిపని, మంచి జీతము అని చెప్పి బాలికను బండి యెక్కింతురు. కదిరి సీమనుండి అట్లు పోయిన స్త్రీలలో కొందరు పూనా, ఢిల్లీ నగరములలో అమ్ముడుపోయిరి.

మనుష్య విక్రయమును 1950 నాటి మన రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించినది. అయినను చట్టము మన గుమ్మమునకు నడచి రాదు, పొరుగువారు రాగలరు. సంఘములోని తల్లులారా, ప్రయాణమునకు ముందే అడుగుడు: యజమాని పేరేమి? వీధి యేది? జీత మెవరి చేతికి? తీసికొనిపోవువాడు తడబడినచో బండిని పోనిచ్చి బిడ్డను నిలుపుడు. 1098కు ఫోను చేయుటకు రుసుము లేదు.

తిరిగివచ్చిన బాలికను ఆరాధనలో వెనుక చాపమీద ఒంటరిగా కూర్చుండబెట్టుట మేము కన్నులార చూచితిమి. యోసేపు మాత్రము చెరసాలనుండి వచ్చినవాడు కాడా?