పేరు మార్చుకోమని నోటీసొచ్చింది... భయపడాలా?

(సందేహాలు - సమాధానాలు)

తినుబండారాల వ్యాపారాల పేర్ల గొడవల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువొచ్చాయి. చాలావరకు కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లవే. రాసినవాళ్ల పేర్లు, దుకాణాల పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాం.

నేనూ మా తోడికోడలూ కలిసి కొరమేను పచ్చడి, రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతున్నాం. సీసా మీద పెద్దింట్లమ్మ తల్లి పేరు వేసుకున్నాం. ఏలూరులో అదే పేరుతో పచ్చళ్లు అమ్మేవాళ్లు లాయరు నోటీసు పంపారు. పదిహేను రోజుల్లో పేరు తీసెయ్యాలట, పది లక్షలు కట్టాలట. మా ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు. ఇప్పుడేమవుతుంది? - ఒక సోదరి, కొల్లేటికోట

ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టండమ్మా. మీకొచ్చింది కోర్టు ఉత్తర్వు కాదు, అవతలివాళ్ల తరఫున ఒక లాయరు రాసిన ఉత్తరం. పదిహేను రోజుల గడువూ, లక్షల్లో నష్టపరిహారమూ ఇలాంటి నోటీసుల్లో మామూలే; గడువు దాటినంత మాత్రాన మీ మీద ఏ తీర్పూ పడిపోదు. అలాగని బీరువాలో పడెయ్యకండి. ఏ సంవత్సరం నుంచి ఆ పేరు వాడుతున్నారో చెబుతూ మీరూ ఒక లాయరుచేత జవాబు రాయించండి. గాభరా పడాల్సింది జిల్లా కోర్టు నుంచి సమన్లు వచ్చినప్పుడు. ఆ వాయిదాకు మీ తరఫున ఎవరూ వెళ్లకపోతే, మీ మాట వినకుండానే పేరు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చేసే వీలుంది.

మా మెస్సుకు అమ్మవారి పేరు పెట్టుకున్నాం. అదే పేరుతో పాలు, పెరుగు అమ్మే డెయిరీవాళ్లు అభ్యంతరం చెబుతున్నారు. దేవత పేరు మీద కూడా ఒకరికి హక్కుంటుందా అండీ? జాతరలో సగం కొట్లకు ఆ తల్లి పేరే కదా! - ఒక పాఠకుడు, కైకలూరు

మీ ఉత్తరం చదవగానే బెంగళూరు కేసు గుర్తొచ్చింది. అదీ మన ఆంధ్ర భోజనం పెట్టే హోటలుదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కర్ణాటక పాల సహకార సమాఖ్య 1985 నుంచి 'నందిని' పేరుతో పాలు అమ్ముతోంది. 1989లో 'నందిని డీలక్స్' హోటలు మొదలైంది. ఇంగ్లీషులో రాస్తే ఒక హెచ్ అక్షరం ఎక్కువ, అంతే. నోటితో పలికితే రెండూ ఒకటే. హోటలువాళ్లు ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ అడిగితే సమాఖ్య అడ్డుపడింది. రిజిస్ట్రారు హోటలు మాటే ఒప్పుకున్నా, పైన అప్పీలు బోర్డులోనూ హైకోర్టులోనూ సమాఖ్యే గెలిచింది.

చివరకు 2018 జూలై 26న సుప్రీంకోర్టు హోటలు పక్షాన తీర్పు చెప్పింది. నందిని అనేది పురాణాల్లోని ఆవు పేరు, దేవత పేరు. సమాఖ్య కొత్తగా పుట్టించిన మాట కాదు. ఒకరి బొమ్మలో ఆవుంది, మరొకరి బొమ్మలో దీపముంది. పాల ప్యాకెట్టు కొనేవాళ్లు హోటలు భోజనాన్ని చూసి పొరపడరని కోర్టు భావించింది. రిజిస్ట్రేషన్ పట్టికలో పచ్చళ్లు, చేపలు, మాంసం, పాలు అన్నీ 29వ తరగతిలోకే వస్తాయి. అంతమాత్రాన పాలవాళ్లకు ఆ తరగతి మొత్తం రాసిచ్చినట్టు కాదని కూడా తేల్చింది. అయితే హోటలువాళ్లు పాలు, పాల పదార్థాల జోలికి రాకుండా ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్నారు. ఆ మెలిక మరిచిపోకండి: మీరు భోజనం పెట్టినంత కాలం మీ దారి మీది, రేపు అదే పేరుతో పెరుగు డబ్బాలు అమ్మితే కథ మారుతుంది.

'రామాయణ్' అనే అగరువత్తుల పేరు మీద 2015లో వచ్చిన తీర్పు కూడా మీకు ధైర్యాన్నిస్తుంది. పవిత్ర గ్రంథం పేరును విడిగా, ఒక్కరి సొత్తుగా రిజిస్టరు చేయించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతకూ పైన రాసిన కొల్లేటికోట సోదరి విషయం వేరు. అక్కడ రెండూ పచ్చళ్లే కాబట్టి ఆమెకు కింది జవాబు ఎక్కువ అక్కరకొస్తుంది.

మా నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట జంతికలు, కారప్పూస కొట్టు పెట్టారు. ఏనాడూ రిజిస్టరు చేయించలేదు. ఇప్పుడు ఎవరో అదే పేరు రిజిస్టరు చేయించుకుని మమ్మల్ని బోర్డు తీసెయ్యమంటున్నారు. మేం మోసపోయినట్టేనా? - ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

లేదండీ, మీ చేతిలోనే బలం ఎక్కువ ఉండొచ్చు. ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్ సరిగ్గా మీలాంటివాళ్ల కోసమే ఉంది. అవతలివాళ్లు వాడటం మొదలుపెట్టిన రోజు, వాళ్ల రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే దానికంటే ముందునుంచీ మీరు విడవకుండా వాడుతుంటే, మిమ్మల్ని ఆపే హక్కు వాళ్లకు లేదు. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు అన్నదీ ఇదే. రెండు పక్షాల చేతుల్లోనూ రిజిస్ట్రేషన్ కాగితాలున్నా, ముందునుంచీ వాడుతున్నవారి హక్కే పైచేయి అంది.

కానీ ముప్పై ఏళ్లు అని నోటితో చెబితే చాలదు. నూనె మరకలంటిన బిల్లు బుక్కులు, కరెంటు బిల్లు, మున్సిపాలిటీ పన్ను రశీదు, పెళ్లికి ఆర్డరిచ్చినవాళ్ల అడ్వాన్సు చీటీ, ఆర్టీసీ పార్శిలు రశీదులు, బోర్డు ముందు నాన్నగారు నిలబడ్డ పాత ఫొటో, ఏదీ చిన్నది కాదు. అటక మీద వెతకండి. తేదీ కనిపించే కాగితం ఏటా ఒక్కటైనా దొరికితే గట్టి కేసే. ఒక్క జాగ్రత్త చెప్పాలి: అవతలివాళ్లు ఆ పేరుతో అమ్ముతున్నారని తెలిసి కూడా ఐదేళ్లపాటు వరసగా ఊరుకుంటే, తర్వాత వాళ్ల రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించడం చాలా కష్టం. అందుకని ఇప్పుడే కదలండి.

పేరున్న మసాలా కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి మా పొడులకు పెట్టుకున్నాం. రంగు కూడా వాళ్లదానిలా ఉంటే అమ్ముడుపోతాయని ప్రింటింగు ప్రెస్సువాళ్లు చెప్పారు. ఒక అక్షరం తేడా ఉంది కదా, చాలదా? - ఒక సోదరి, ఆకివీడు

మీరు దాచకుండా రాశారు, నేనూ దాచకుండానే చెబుతాను: చాలదమ్మా. 'గ్లూకోవిటా' గ్లూకోజు పొడి కంపెనీ, 'గ్లువిటా' అనే బిస్కట్ల పేరును ఆపించింది. 1959 నాటి ఆ తీర్పులో సుప్రీంకోర్టు పెట్టిన కొలతే ఇప్పటికీ నడుస్తోంది. రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి చూడరు. పేరు సగం గుర్తుండి సగం గుర్తులేని మామూలు మనిషి పొరపడతాడా అని చూస్తారు. పొడుల కొట్టు మొదలుపెట్టినవాళ్లు తెలియక ఇలా చేయడం కొత్తేమీ కాదు, నోటీసు రాకముందే కవర్లు మార్చేస్తే సాధారణంగా గొడవే ఉండదు. మిగిలిన పాత కవర్లు ఖర్చయ్యేదాకా వాడదామనుకోకండి, అదొక్కటే నన్ను కలవరపెట్టే సంగతి.

మా అప్పడాల పేరుకు దరఖాస్తు పెట్టాం. కంప్యూటర్లో చూస్తే 'అబ్జెక్టెడ్' అని వచ్చింది. కట్టిన నాలుగున్నర వేలూ పోయినట్టేనా? - ఒక పాఠకురాలు, భీమడోలు

పోలేదు. అది చెన్నైలోని ట్రేడ్‌మార్క్ కార్యాలయం అడిగిన వివరణ మాత్రమే. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ ఆ కార్యాలయానికే వెళతాయి. ఈ మాట చాలామంది దరఖాస్తుల మీద కనిపిస్తుంది. ముప్పై రోజుల్లో జవాబిస్తే చాలావరకు ముందుకు సాగుతుంది. 'అపోజ్డ్' అని కనిపిస్తే మాత్రం అది వేరు: ఎవరో బయటివాళ్లు మీ పేరుకు అడ్డం తిరిగారన్నమాట. వాళ్ల అభ్యంతరం ప్రతి మీకు అందాక రెండు నెలల్లో జవాబు దాఖలు చెయ్యకపోతే మీ దరఖాస్తును మీరే వదులుకున్నట్టు లెక్కేస్తారు. వలయంలో 'ఆర్' గుర్తును మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా ప్యాకెట్ మీద వెయ్యకండి, అది చట్టవిరుద్ధం.

ఆహార భద్రత లైసెన్సు, జీఎస్టీ, ఉద్యం అన్నీ ఉన్నాయి. అన్నింటిలో మా పేరే ఉంది. ఇంకేం కావాలి? - ఒక పాఠకుడు, ఏలూరు

వ్యాపారం చేసుకోవడానికి అవి కావాలి, పేరు మీద హక్కుకు అవి చాలవు. అయినా బెంగపడకండి, ఆ పేరు ఎప్పటినుంచి వాడుతున్నారో చెప్పడానికి అవి మంచి సాక్ష్యాలు. పేరుకు విడిగా రిజిస్ట్రేషన్ చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు.

'కొల్లేరు' అనే మాట తమదేనని ఒక కంపెనీ అంటోంది. మా చేపల పచ్చడి మీద ఆ పేరు తీసెయ్యాలా? - ఒక పాఠకుడు, కొల్లేటికోట

సరస్సు పేరు ఏ ఒక్కరి ఇంటి పేరూ కాదండీ. సరుకు ఎక్కడిదో చెప్పే మాటను మామూలుగా ఒక్కరికే రిజిస్టరు చెయ్యరు. మీ చేపలు నిజంగా కొల్లేటివే అయితే ఆ సంగతి లేబుల్ మీద చెప్పుకోవచ్చు. వాళ్ల అక్షరాల తీరు, బొమ్మ మాత్రం ఎత్తుకోకండి. ఊరి పేరుకు రక్షణ కావాలంటే దారి వేరే ఉంది, భౌగోళిక గుర్తింపు. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అది వచ్చింది. అది ఏ ఒక్క కొట్టుకో కాదు, తయారీదారులందరికీ చెందుతుంది. కొల్లేటి చేపల పచ్చళ్లవాళ్లంతా ఒక సంఘంగా కూడితే ఆ ప్రయత్నం చెయ్యొచ్చని నా అభిప్రాయం.

అన్నదమ్ములం విడిపోయాం. ఇద్దరి మిఠాయి కొట్లకూ నాన్నగారి పేరే. అన్నయ్య పోలీసులకు చెబుతానంటున్నాడు. అరెస్టు చేస్తారా? - ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

నకిలీ సరుకు మీద పోలీసులు చర్య తీసుకునే వీలు చట్టంలో ఉంది కాబట్టి మీ భయం ఉత్తది అనను. అయితే వారెంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకోవాలి. తండ్రి పేరును బహిరంగంగా, నిజాయితీగా పెట్టుకున్న కొడుకుల తగవు మామూలుగా సివిల్ కోర్టులో తేలేదే. హల్దీరామ్ కుటుంబంలో ఢిల్లీ, కోల్‌కతా శాఖలు ఆ పేరు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. పంపకాల కాగితంలో పేరెవరికని రాసుకున్నారో ముందు చూడండి. రాసుకోకపోతే, ఒకరు తాడేపల్లిగూడెం అని, మరొకరు తమ ఊరు పేరు కలిపి బోర్డు మార్చుకోవడం చవకైన మార్గం.

ఫోన్లో మాకు ఆర్డరిచ్చిన పార్శిలు అదే పేరున్న వేరే కొట్టుకు వెళుతోంది. తిట్లు మాకొస్తున్నాయి. కేసు వెయ్యాలంటే భయం. - ఒక సోదరి, కైకలూరు

భయపడకండమ్మా, కేసు చివరి మెట్టు. ముందు మీరే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. చాలా గొడవలు పేరు పక్కన ఒక మాట చేర్చడంతోనో లేబుల్ రంగు మార్చడంతోనో ఆగిపోతాయి. మూడు లక్షలకు తగ్గని విలువున్న ఇలాంటి వ్యాపార దావాల్లో, అత్యవసర ఉత్తర్వు అడిగితే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలని చట్టమే చెబుతోంది. అవతలివాళ్ల సరుకు తిని ఎవరికైనా ఒంట్లో బాగోక, ఆ నింద మీ మీదకొచ్చే పరిస్థితి ఉంటే మాత్రం ఆగకండి, వెంటనే లాయరును కలవండి. పొరపాటున వచ్చిన ప్రతి ఫోనూ, తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. వాట్సాప్ సందేశాలు చెరిపెయ్యకండి, నోటీసు వస్తే ఆ కవరు కూడా పారెయ్యకండి. దాని మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ ఉంటాయి.