ముఖము తెలుపు – మూత్రపిండములకు ముప్పు

పెండ్లిచూపులైన తరువాత “పిల్ల కాస్త నలుపే” అని మన ఇండ్లలోనే అనుకొందుము. ఆ మాట చెవినిబడిన పిల్ల అద్దములో తన ముఖమును తానే అసహ్యించుకొని, ఎవరికిని చెప్పక తెల్లబడు క్రీము తెచ్చుకొనును.

అట్టి కొన్ని క్రీములలో పాదరసముండును. అది చర్మమునకు రంగునిచ్చు మెలనిన్‌ను అడ్డుకొనుటచేత ముఖము తెలుపెక్కును. అదే పాదరసము చర్మము గుండా లోనికింకి మూత్రపిండములను చెరచును. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా వైద్యులు ఇట్టి రోగులను గుర్తించిరి. క్రీము మానినవారిలో పలువురు కోలుకొనిరి.

అయితే మానుట ఎట్లు? తన రంగు తనకు తక్కువని తోచినంతకాలము పిల్ల ఒకటి మాని మరియొకటి పూయును. దుకాణములలో వాటికి కొదువ లేదు గదా! సిగ్గుచేత డాక్టరు యొద్దను ఆ మాట దాచును.

ముఖము, కాళ్లు వాచినను, మూత్రము నురుగు కట్టినను, పిల్లను గద్దింపక ఏమి పూయుచున్నదో మనము మెల్లగా అడిగి, ఆ డబ్బాను కూడ డాక్టరుకు చూపుదము.