మేఫ్లై పిల్లపురుగుల గుర్తింపు: శరీర లక్షణాల పరిశీలన

వరి మడులు, పంట కాలువలు, చెరువులలో కనిపించే మేఫ్లై పిల్లపురుగులు ఎఫిమెరాప్టెరా క్రమానికి చెందినవి. ఇవి ఎక్కువగా నాచును, కుళ్ళిన సేంద్రియ పదార్థాన్ని తిని, చేపలకు, తూనీగ పిల్లపురుగులకు ఆహారమవుతాయి. వరికి హాని చేయవు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులకు సీనిస్, క్లియాన్ ప్రజాతులు త్వరగా లోనవుతాయి కనుక నీటి స్థితికి సూచికలుగా ఉపయోగపడతాయి. గుర్తింపు తప్పితే నీటి నాణ్యతపై మన నిర్ధారణ కూడా తప్పుతుంది.

ముఖ్య లక్షణాలు

మూడు తోక పోగులు మేఫ్లైకి గుర్తుగా చెబుతారు. కాని ఎపియోరస్ ప్రజాతికి రెండే ఉంటాయి. పైగా సేకరణలో పోగులు సులభంగా విరుగుతాయి. అందువల్ల ఈ క్రింది వరుసలో పరిశీలించాలి.

1. కాలి గోరు: మేఫ్లైలో ప్రతి కాలి చివర ఒకే గోరు ఉంటుంది. స్టోన్‌ఫ్లై, తూనీగ పిల్లపురుగులకు రెండేసి ఉంటాయి.

2. మొప్పలు: మేఫ్లైలో ఉదర ఖండాల ఇరుపక్కలా ఆకుల వలె లేదా ఈకల వలె ఉంటాయి. డామ్సెల్ తూనీగలో ఉదరం చివర ఉండే మూడు ఆకు వంటి మొప్పలను తోకలుగా పొరబడరాదు.

3. రెక్కల మొగ్గలు: ఒకే గోరు గల కొన్ని నీటి పెంకు పురుగుల లార్వాలకు ఇవి ఉండవు. అప్పుడే పొదిగిన మేఫ్లై పిల్లలకు మొప్పలు, మొగ్గలు రెండూ ఉండవు కనుక వాటిని లెక్కలో చేర్చరాదు.

కుటుంబాల గుర్తింపు

బీటిడే: చిరుచేపను పోలిన శరీరం, చురుకైన ఈత. నిలువ నీటిలో పెరిగే క్లియాన్ ఈ కుటుంబంలోనిదే.

సీనిడే: రెండవ ఉదర ఖండపు మొప్పలు చతురస్రాకార మూతలుగా మారి మిగిలినవాటిని కప్పుతాయి. ఒండ్రును తట్టుకుంటాయి.

హెప్టజెనిడే: బల్లపరుపు శరీరం, తలపై భాగాన కళ్ళు. పారే నీటిలో రాళ్ళను అంటిపెట్టుకుంటాయి.

ఎఫిమెరిడే: దంతాల వలె ముందుకు పొడుచుకువచ్చిన దవడలు, ఈకల వంటి మొప్పలు. ఒండ్రులో బొరియలు చేస్తాయి.

ఫలితాల అన్వయం

బ్రిటన్‌లో రూపొందిన బి.ఎం.డబ్ల్యు.పి. విధానంలో హెప్టజెనిడేకు 10, సీనిడేకు 7, బీటిడేకు 4 మార్కులు. కాబట్టి మేఫ్లై ఉన్నంత మాత్రాన నీరు స్వచ్ఛమని చెప్పలేము. అలాగే వరి మడిలో హెప్టజెనిడే లేకపోవడం కాలుష్యానికి నిదర్శనం కాదు. అది వాటి ఆవాసమే కాదు. ఒకే మడిలో మందు చల్లక ముందు, తరువాత సేకరించిన నమూనాలను కుటుంబాల వారీగా పోల్చడం సముచితం.

నమూనాను తెల్లని పళ్ళెంలో పోసి, బ్రతికి ఉండగానే మొప్పల కదలికను, పోగుల సంఖ్యను నమోదు చేయాలి. తరువాత 70 శాతం ఆల్కహాలులో భద్రపరచి, గోళ్ళను సూక్ష్మదర్శినితో నిర్ధారించుకోవాలి.