కథను విప్పడం తెలిస్తేనే రచయిత కొలువు

సినిమా, వెబ్ సిరీస్, గేమ్... ఎక్కడ రచయితగా చేరాలన్నా ముందు కథను విప్పి చూడటం రావాలి. అందుకు విద్యార్థులకు నేను మొదట చెప్పే పేరు వ్లాదిమిర్ ప్రాప్. ఈ రష్యన్ పండితుడు వంద జానపద కథలను పరిశీలించి 1928లో ఓ పుస్తకం తెచ్చారు. పాత్రల పేర్లు ఎన్ని మారినా అవి చేసే పనులు 31కి మించవనీ, చేసేవాళ్లు ఏడు రకాలేననీ తేల్చారు: నాయకుడు, ప్రతినాయకుడు, మహిమగల వస్తువిచ్చే దాత, సహాయకుడు, రాకుమారి (తండ్రితో కలిపి), నాయకుణ్ని పనిమీద పంపేవాడు, నకిలీ నాయకుడు.

‘మాయాబజార్’ (1957) తీసుకోండి. రాకుమారి శశిరేఖ, తండ్రి బలరాముడు. కీడు తలపెట్టేది శకుని. నాయకుడికి దక్కాల్సిన పిల్ల తనదేననుకుని పెళ్లికి తయారయ్యే లక్ష్మణకుమారుడు అచ్చమైన నకిలీ నాయకుడు. చివర్లో శకుని మహిమగల పీఠమెక్కి తన కుట్రను తానే బయటపెడతాడు. ప్రాప్ జాబితాలో ప్రతినాయకుడి గుట్టు రట్టవడం ఒక పని, అదే ఇది. మరి అభిమన్యుడు? నాయకుడి స్థానం అతనిదే, కథను నడిపేది మాత్రం సహాయకుడైన ఘటోత్కచుడు. ఆ సినిమా ఇన్నేళ్లు నిలవడానికి ఈ తారుమారే పెద్ద కారణమని నా నమ్మకం. సూత్రం తెలిసినవాళ్లకే దాన్ని ఎక్కడ దాటారో కనిపిస్తుంది.

కథన సిద్ధాంతకారుడు తొదొరోవ్ చెప్పిన సమస్థితి, భంగం, కొత్త సమస్థితి అనే వరస, స్క్రీన్‌ప్లేకు సిడ్ ఫీల్డ్ చెప్పిన మూడంకాలు (1979) తరవాత చదవచ్చు.

స్టోరీ డిస్కషన్‌లో ‘సెకండాఫ్ లాగుతోంది’ అని అందరూ అంటారు. ఎందుకో చెప్పగలిగినవాళ్లకే అక్కడ విలువ. ప్రతినాయకుడు చేసిన హాని ఇంటర్వెల్‌కే తీరిపోయిందా? సహాయకుడి పనిని ముగ్గురు పంచుకుని ఎవరూ గుర్తుండకుండా పోయారా? ఇలా వేలుపెట్టి చూపించాలి.

పుణె ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌రైటింగ్ కోర్సు ఉంది. హైదరాబాద్‌లోనే చదవాలనుకుంటే అన్నపూర్ణ ఫిల్మ్ కాలేజీ ఉంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. బాగా తెలిసిన మూడు సినిమాలకు సీన్ల పట్టిక రాసి, ప్రతి సీన్ పక్కన ఎవరు ఏ పని చేస్తున్నారో ఒక్క మాటలో పెట్టండి. దానితోపాటు సొంత షార్ట్‌ఫిల్మ్ స్క్రిప్టు ఒకటి సిద్ధం చేసుకోండి. ఎవరికైనా వినిపించే ముందు దాన్ని రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి.